ఎల్లిస్ పార్క్ టెస్టు: బంతి గాలిలో ఉన్నప్పుడే ఫలితం తేలుతుందా?

అల్వాల్ ఫుల్‌బ్యాక్:

2026 ఆగస్టు 22, శనివారం నాడు జొహాన్నెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ రగ్బీ జట్ల మధ్య నాలుగు టెస్టుల పోరు మొదలవుతోంది. రెండో టెస్టు 29న కేప్‌టౌన్‌లో, మూడోది సెప్టెంబరు 5న తిరిగి జొహాన్నెస్‌బర్గ్‌లోనే ఎఫ్ఎన్‌బీ స్టేడియంలో, చివరిది 12న అమెరికాలోని బాల్టిమోర్‌లో జరుగుతాయి. న్యూజిలాండ్ పాత పద్ధతిలో, అక్కడి ప్రాంతీయ జట్లతో కూడా తలపడుతూ దక్షిణాఫ్రికాలో పర్యటించడం చాలాకాలం తరవాత మళ్లీ చూస్తున్నాం. 1996లో షాన్ ఫిట్జ్‌పాట్రిక్ నాయకత్వంలో అలా వెళ్లినప్పుడే వాళ్లు ఆ గడ్డమీద మొదటిసారి సిరీస్ గెలిచారు.

మొదటి టెస్టు ఎక్కడ తేలుతుందన్నది నా ప్రశ్న. నా మట్టుకు నేను స్క్రమ్‌లో (రెండు జట్ల ఎనిమిదేసి మంది భుజాలు ఆనించి నెట్టుకునే చోట) తేలుతుందనుకోను, బంతి చేతులు మారుతూ సాగే పరుగుల్లో కూడా తేలుతుందనుకోను. పైకి తన్నిన బంతి కింద ఎవరు నిలబడగలరు, ఎవరు తడబడతారు అన్నదానిమీదే ఈ ఆట నడుస్తుందని నా నమ్మకం. 2024 నవంబరు నుంచి రిఫరీలు ఒక విషయంలో గట్టిగా ఉంటున్నారు. అంతకుముందు బంతిని అందుకోబోయే ఆటగాడి చుట్టూ సొంత జట్టువాళ్లు గోడలా నిలబడి, ఎదుటివాళ్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు అలా అడ్డుగా పరిగెత్తితే పెనాల్టీ ఇస్తున్నారు. దాంతో ఎత్తుగా వచ్చే ప్రతి బంతికీ నిజమైన పోటీ ఏర్పడింది, ఎక్కువ జట్లు బంతిని కావాలనే పైకి తన్నడం మొదలుపెట్టాయి. ఈ మార్పును ఎవరు బాగా ఒంటబట్టించుకున్నారో వాళ్లదే పైచేయి అవుతుంది. మీ అభిప్రాయాలు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

సైనిక్‌పురి ప్రాప్:

మీరు చెప్పిన మార్పు నిజమే కానీ, అది ఆటలో సగభాగమే. బంతి కిందపడితే ఏమవుతుంది? చేతిలోంచి ముందుకు జారితే స్క్రమ్ ఇస్తారు. అంటే గాలిలో జరిగిన పోటీకి లెక్క తేలేది చాలాసార్లు మళ్లీ నేలమీదే, ఎనిమిది మందికి ఎనిమిది మంది తలపడే చోటే. అక్కడ దక్షిణాఫ్రికా ముందువరుస ఎంత బలమైనదో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆక్స్ ఎన్‌చే లాంటివాడు ఎదురుగా ఉన్నప్పుడు ముందువరుసలో కుడిపక్కనుండే టైట్‌హెడ్ ప్రాప్ పడే అవస్థ టీవీలో కనిపించదు. లూస్‌హెడ్ ప్రాప్‌కు తలకు ఒక పక్క ఖాళీ ఉంటుంది, టైట్‌హెడ్‌కు మాత్రం రెండు పక్కలా ఎదుటి జట్టువాళ్ల భుజాలే ఉంటాయి. ‘క్రౌచ్, బైండ్, సెట్’ అని రిఫరీ పలికిన మరుక్షణం వెనక వరుసలో నెట్టే లాక్‌ల బరువంతా నడుముమీదుగా మెడలోకి వస్తుంది. ఆ క్షణంలో పాదం అరచేతి మందం వెనక్కి జారినా వీపు వంగిపోతుంది, వీపు వంగితే స్క్రమ్ కూలుతుంది, కూలితే పెనాల్టీ పడుతుంది, పెనాల్టీ అంటే మూడు పాయింట్లైనా కావచ్చు, లేదా టచ్‌లోకి, అంటే పక్కగీత బయటికి, తన్ని నలభై మీటర్లు ముందుకు పోవచ్చు.

పోయినసారి ఎల్లిస్ పార్క్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2024 ఆగస్టు 31న న్యూజిలాండ్ 27–17తో ముందంజలో ఉంది. చివరి పదిహేను నిమిషాల్లోపే బెంచి మీదనుంచి వచ్చిన క్వాగా స్మిత్, గ్రాంట్ విలియమ్స్ చెరొక ట్రై (బంతిని ఎదుటివాళ్ల గోలుగీత అవతల నేలకు ఆనించడం) చేశారు, దక్షిణాఫ్రికా 31–27తో గెలిచింది. అలసిన కాళ్లమీద తాజా కాళ్లను దించడమే వాళ్ల కోచ్ రాసీ ఎరాస్మస్ పద్ధతి. ఈసారి కూడా ఆట అరవయ్యో నిమిషం తరవాతే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నల్లకుంట విద్యార్థి:

పెద్దలందరికీ నమస్కారం. నేను రగ్బీ చూడడం మొదలుపెట్టింది 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌తోనే. హైదరాబాద్ హీరోస్ మన ఊరి పేరు మోసే జట్టు కావడంతో ఆసక్తి కలిగింది. అందులో ఏడుగురి ఆట కాబట్టి మైదానమంతా ఖాళీ, పరుగే పరుగు. పదిహేను మంది ఆట చూస్తుంటే నాకొక సందేహం వస్తోంది. అంత కష్టపడి సంపాదించిన బంతిని ఎదుటివాళ్లకు అందేలా ఎందుకు పైకి తన్నేస్తారు? చేతిలో ఉంచుకుని ముందుకు పోవచ్చు కదా?

అల్వాల్ ఫుల్‌బ్యాక్:

చాలా మంచి ప్రశ్న అడిగారు. అదే కొలతల మైదానంలో ఏడుగురికి బదులు పదిహేను మంది రక్షణలో నిలబడితే మధ్యలో సందులు దాదాపు ఉండవు. సొంత సగంలో బంతిని పట్టుకుని గోడను గుద్దుకుంటూ పోతే, పదిసార్లు టాకిల్ అయ్యాక, అంటే పట్టుబడి నేలకూలాక, ఒక్కసారి సహచరుడు ఆలస్యంగా వచ్చినా పెనాల్టీ ఇచ్చుకోవలసి వస్తుంది, అదీ మన గోలుకు దగ్గరలో. అందుకని బంతిని ఎత్తుగా, తమవాళ్లు పరిగెత్తి అందుకోగలిగేంత దూరంలోనే తన్నుతారు. అది వదిలేసుకున్నట్టు కాదు, ఎదుటివాళ్ల గోడ చెదిరిన చోట పోటీ పెట్టడం. గోడలో నిలబడినవాళ్లంతా వెనక్కి తిరిగి పరిగెత్తుతుండగా బంతి మనకు దొరికితే, అప్పుడు ఖాళీ మైదానం దొరుకుతుంది.

ఇక అందుకోవడం అనే విద్య గురించి చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పొగడరు. బంతి కోలగా ఉంటుంది, పైనుంచి తిరుగుతూ దిగుతుంది. బంతి కింద నిలబడి ఎదురుచూసేవాడు ఓడిపోతాడు. రెండడుగులు వెనకనుంచి వచ్చి, ఒంటికాలి మీద లేచి, రెండో మోకాలిని ముందుకు ఎత్తాలి. ఆ మోకాలు ఎత్తునూ ఇస్తుంది, పక్కటెముకలకు కాపునూ ఇస్తుంది. శరీరాన్ని కాస్త పక్కకు తిప్పి ఎగరాలి, అలా తిరిగి ఉంటే ఒకవేళ బంతి జారినా వెనక్కి పడుతుంది కాని ముందుకు పడదు. మోచేతులు దగ్గరగా, అరచేతులు కంటికి పైన ఉండాలి. ‘నాది’ అని గట్టిగా అరవాలి, లేకపోతే అంచున ఆడే సొంత వింగరే వచ్చి గుద్దుకుంటాడు. వెంటపడి వచ్చేవాడు గాలిలో ఉన్నవాణ్ని టాకిల్ చేయకూడదు, పాదాలు నేలకు తగిలేదాకా ఆగాలి. అయితే తానూ ఎగిరి బంతికోసం న్యాయంగా పోటీ పడవచ్చు. ఇప్పుడు ఎక్కువమంది రెండు చేతులతో పట్టుకోవాలని చూడడం మానేసి, ఒంటిచేత్తో తమవాళ్లవైపు వెనక్కి తట్టేస్తున్నారు.

దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బే ఎత్తు 1.72 మీటర్లే. అయినా తనకన్నా జానెడు పొడుగున్నవాళ్ల మధ్యనుంచి బంతి తెస్తాడు. కారణం అతను ఎగిరే ఎత్తు ఒక్కటే కాదు, ఎగిరే సమయం. బంతి అత్యున్నత స్థానంలో చేతికి తగిలేలా అందరికన్నా ముందు నేల వదులుతాడు. 2023 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు తోమా రామోస్ ట్రై తరవాత ఇచ్చే కన్వర్షన్ తన్నబోతుంటే పరిగెత్తుకొచ్చి ఆపింది ఇతనే. ఆ ఆటను దక్షిణాఫ్రికా 29–28తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచింది.

సైనిక్‌పురి గారికి కూడా అదే మ్యాచ్‌నుంచి ఒక మాట. దక్షిణాఫ్రికా ఆటగాడు డామియన్ విలెంసె తన 22 మీటర్ల గీత లోపల ఎత్తు బంతిని అందుకుని ‘మార్క్’ అని పిలిచి, ఫ్రీ కిక్‌కు బదులు స్క్రమ్ కోరుకున్నాడు. క్యాచ్‌నూ స్క్రమ్‌నూ ఒకే ఆయుధంగా వాడిన ఘట్టం అది. 2024 జులై నుంచి ఆ అవకాశాన్ని నిబంధనల్లోనే తీసేశారు. ఇప్పుడు క్యాచ్ పట్టినవాడు తనంతట తానే తరవాతి దారి చూసుకోవాలి. అందుకే ఆ విద్యకు విలువ ఇంకా పెరిగిందంటున్నాను.

కూకట్‌పల్లి కబడ్డీ:

నేను కుర్రాళ్లకు కబడ్డీ నేర్పుతాను, వారిలో కొందరు ఈమధ్య రగ్బీ వైపు వస్తున్నారు. గాలిలో పోటీ గురించి మీరందరూ రాస్తున్నారు కాబట్టి, బంతి దొరికినవాడు నేలమీదికి దిగిన తరవాత జరిగే పని గురించి నేను రాస్తాను. ఈ టెస్టులో నేను కళ్లప్పగించి చూడబోయేది టాకిల్‌నే.

కబడ్డీలో పట్టు తెలిసినవాడికి రగ్బీ టాకిల్ సులువుగా వస్తుందని చాలామంది అంటారు. కొంతవరకు నిజమే. రైడర్ ఏ కాలిమీద బరువు వేశాడో చూసి ఆ కాలినే పట్టడం, పక్కవాడితో కలిసి ఒకేసారి కదలడం మా పిల్లలకు చిన్నప్పటినుంచే తెలుసు. రగ్బీ నేర్చుకోవడానికి వచ్చిన తక్కినవాళ్లు ఎదురుగా వచ్చేవాడి చేతులూ ముఖమూ చూస్తుంటే, మావాళ్లు నడుము కింద చూస్తారు. అది పెద్ద పెట్టుబడి.

కానీ మూడు చోట్ల అలవాటు అడ్డొస్తుంది. ఒకటి, కబడ్డీలో చేతుల పట్టుతోనే మడమ దొరకబుచ్చుకుంటే పనైపోతుంది. ఇక్కడ భుజం ముందు తగలాలి, చేతులు ఆ తరవాత చుట్టాలి, తల మాత్రం ఎదుటివాడి నడుముకు వెనకపక్కనే ఉండాలి. తల ముందుపక్కకు పోతే మోకాలు దవడకు తగులుతుంది. రెండు, కబడ్డీలో రైడర్ మధ్యగీత అందుకోకుండా ఆపితే చాలు. రగ్బీలో దొరికినవాడు మీమీద పడుతూ కూడా రెండు మీటర్లు సంపాదిస్తాడు, కాబట్టి పట్టుకున్నాక కాళ్లు ఆడిస్తూ వాణ్ని వెనక్కి నెట్టాలి. మూడోది అన్నిటికన్నా కష్టమైనది. కబడ్డీలో విజిల్ మోగేదాకా వదలకూడదని నేర్పుతాం. రగ్బీలో ఎదుటివాడు నేలకు తగలగానే వదిలేసి, పక్కకు దొర్లి, దారి ఇవ్వాలి. మా పిల్లల్లో గట్టివాళ్లే ఎక్కువ పెనాల్టీలు ఇస్తున్నారు, పట్టు వదలరు గనక.

దక్షిణాఫ్రికా ఆటగాడు పీటర్ స్టెఫ్ డు టోయిట్ 2023 ప్రపంచ కప్ ఫైనల్‌లో ఇరవై ఎనిమిది టాకిల్స్ చేశాడు. ఆ ఆటను మా పిల్లలకు చూపించినప్పుడు నేను వాళ్లను చూడమన్నది గుద్దడం కాదు. గుద్దాక ఎంత త్వరగా వదిలి, లేచి, తిరిగి వరుసలో నిలబడుతున్నాడో చూడమన్నాను. అదే ఆటలో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ నిటారుగా వెళ్లి తలకు తగిలించినందుకు రెడ్ కార్డుతో బయటికి పోయాడు. నడుము వంచని టాకిల్‌కు ఒక జట్టు ఎంత మూల్యం చెల్లించిందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. మిగిలిన పధ్నాలుగు మందితోనే వాళ్లు 12–11 దాకా వచ్చి ఒక్క పాయింటుతోనే ఓడారంటే ఆ జట్టుకు ఎంత గుండె ఉందో కూడా పిల్లలకు చెప్పాను.

తార్నాక పీఈటీ:

నేను న్యూజిలాండ్ అభిమానిని, ముందే చెప్పేస్తున్నాను. కబడ్డీ మాస్టారు రాసిన మూడో విషయానికి నా తరఫున ఒక కొనసాగింపు ఉంది. టాకిల్ చేసినవాడు వదిలేసిన ఆ చిన్న వ్యవధిలోనే న్యూజిలాండ్ ఆటగాడు ఆర్డీ సవేయా బతుకుతాడు. పాదాలు వెడల్పుగా పెట్టి, తుంటికన్నా భుజాలను కిందికి దించి, తన బరువు తన కాళ్లమీదే నిలుపుకుంటూ బంతిమీద చేతులు వేస్తాడు. ఇద్దరు వచ్చి పక్కకు నెట్టినా కదలడు. 2025 సెప్టెంబరు 6న ఈడెన్ పార్క్‌లో, అది అతనికి వందో టెస్టు, ఆఖర్లో దక్షిణాఫ్రికా దూసుకొస్తున్న వేళ బంతిని లాగేసుకుని ఆటను ముగించాడు. 24–17తో గెలిచి, 1994 తరవాత ఆ మైదానంలో ఓడని రికార్డును నిలుపుకున్నారు.

వారం తిరిగేసరికి అదే దక్షిణాఫ్రికా చేతిలో వెల్లింగ్టన్‌లో 43–10తో ఓడిపోయారు. న్యూజిలాండ్ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి అది. విరామానికి 10–7తో ముందున్న జట్టు రెండో సగంలో ఒక్క పాయింటూ చేయకుండా 36 ఇచ్చుకుంది. ఈ సంగతి రాయడం నాకు బాధే అయినా, సైనిక్‌పురి గారి వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు కనుక రాస్తున్నాను.

అయితే ఎల్లిస్ పార్క్ విషయంలో ఎవరూ ప్రస్తావించని అంశం ఒకటుంది. జొహాన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. మన హైదరాబాద్ ఎత్తుకు ఇది మూడింతలకు పైమాటే. అక్కడ గాలి సాంద్రత సముద్రతీరంలోకన్నా సుమారు ఆరో వంతు తక్కువ. దీనివల్ల రెండు పర్యవసానాలు కలుగుతాయి. ఊపిరి త్వరగా అందకుండా పోతుంది, అందులోనూ వరసగా రెండుమూడు పరుగులు తీశాక కోలుకోవడం ఆలస్యమవుతుంది. బంతిని గాలి అంతగా ఆపదు కాబట్టి అదే తన్నుకు ఇంకా దూరం పోతుంది. తీరప్రాంతంలో ఆడి వచ్చిన ఫుల్‌బ్యాక్, అంటే అందరికన్నా వెనక కాపలా ఉండేవాడు, తనకు అలవాటైన చోట నిలబడితే బంతి అతని తలమీదుగా పోతుంది. అల్వాల్ గారి వాదన గెలిచేదీ ఓడేదీ ఈ కొద్ది మీటర్ల అంచనా దగ్గరే. టెస్టుకు ముందు న్యూజిలాండ్ స్టార్మర్స్, షార్క్స్, బుల్స్ జట్లతో ఆడుతుంది. మొదటి రెండూ తీరప్రాంతపు జట్లు. బుల్స్ ఊరు ప్రిటోరియా మాత్రం ఎత్తైన పీఠభూమిమీద ఉంటుంది. ఆ మ్యాచ్‌లో వాళ్ల ఫుల్‌బ్యాక్ ఎంత వెనక నిలబడుతున్నాడో గమనిస్తే టెస్టుకు ఎలా సిద్ధమయ్యారో తెలిసిపోతుంది.

మెహదీపట్నం పదిహేను:

సమయం గురించి కొందరు విడిగా అడిగారు. దక్షిణాఫ్రికా మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం అయిదుకు మొదలైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర అన్నమాట.

సైనిక్‌పురి ప్రాప్:

తార్నాక మాస్టారూ, ఎత్తు సంగతి బాగా గుర్తుచేశారు. ఊపిరి అందని చోట బెంచికి విలువ ఇంకా ఎక్కువ. కాకపోతే బెంచిని ఎలా పంచుతారన్నది పెద్ద ప్రశ్న. ఎనిమిది మందిలో అయిదుగురు ఫార్వర్డ్‌లు (స్క్రమ్‌లో నెట్టేవాళ్లు), ముగ్గురు బ్యాక్‌లు (వెనకనుంచి పరిగెత్తేవాళ్లు) ఉండడం పాత ఆనవాయితీ. 2023 ఆగస్టులో ట్వికెన్‌హామ్‌లో దక్షిణాఫ్రికా ఏడుగురు ఫార్వర్డ్‌లను, ఒక్క బ్యాక్‌ను పెట్టుకుని న్యూజిలాండ్‌ను 35–7తో ఓడించింది. ప్రపంచ కప్ ఫైనల్‌లోనూ అదే పంపకం చేశారు. అందులో ప్రమాదం లేకపోలేదు. ఆ ఫైనల్ మొదలైన కాసేపటికే ముందువరుస మధ్యలో ఉండే హుకర్ బాంగీ ఎంబోనాంబి గాయపడ్డాడు, స్క్రమ్ పక్కన ఉండే ఫ్లాంకర్‌గా ఎక్కువ ఆడిన డియాన్ ఫౌరీ మిగతా ఆటంతా హుకర్‌గా నెట్టుకురావలసి వచ్చింది. పక్కగీత దగ్గర హుకర్ బంతి విసిరే లైనౌట్‌లో వాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో ఆట చూసినవాళ్లకు తెలుసు. ఏడుగురు ఫార్వర్డ్‌లున్న బెంచి కూడా సరైన స్థానంలో సరైన మనిషి లేకపోతే ఆదుకోదు.

ఈసారి నాలుగు టెస్టులున్నాయి, మధ్యలో జొహాన్నెస్‌బర్గ్ ప్రాంతీయ జట్టు లయన్స్‌తో ఇంకొక మ్యాచ్ న్యూజిలాండ్‌కు ఉంది. ముందువరుసలో ఒక్కరికి గాయమైనా ఆ బరువు మిగతావాళ్ల మెడలమీదే పడుతుంది. నా దృష్టిలో న్యూజిలాండ్‌కు అసలు పరీక్ష ఇదే.

బోయిన్‌పల్లి స్క్రమ్ హాఫ్:

ఎత్తు బంతిని అందుకునేవాడి గురించి, వెంటపడేవాడి గురించి ఇంత చర్చ జరిగింది కాని, ఆ బంతిని తన్నే మనిషిని ఎవరూ తలచుకోలేదు. నేను అమ్మాయిల జట్టులో స్క్రమ్ హాఫ్‌గా ఆడతాను కనుక ఆ లోటు పూరించాలనిపించింది.

రక్ (టాకిల్ అయిన చోట బంతిమీద గుమికూడిన మనుషులు) వెనక నిలబడి బాక్స్ కిక్, అంటే ఎత్తు బంతి, తన్నడం చూసేవారికి తీరిక పనిలా కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఎన్నో నిర్ణయాలు ఒకేసారి తీసుకోవాలి. ఎదుటి జట్టులో పొడుగాటి లాక్ చేతులు చాచి మీదికి దూకడానికి కాచుకుని ఉంటాడు. రిఫరీ ‘యూజ్ ఇట్’ అన్నాక అయిదు సెకన్లే ఉంటాయి. వెంటపడే వింగర్ సిద్ధంగా ఉన్నాడో లేడో ఓరకంట చూడాలి. బంతిని చేతిలోంచి కాలిమీదికి వదిలేటప్పుడు దాని ముక్కు ఏ వైపు తిరిగి ఉందన్నదానిమీదే అది గాలిలో ఎలా తిరుగుతుందన్నది ఆధారపడుతుంది. నా అనుభవంలో కాలికన్నా చేయే ముఖ్యం. బంతిని ఎగరేసి తన్నేవాళ్లవి అడ్డదిడ్డంగా పోతాయి, చేత్తో కాలిదాకా తీసుకువెళ్లి వదిలేవాళ్లవి అనుకున్న చోట పడతాయి. అల్వాల్ గారు చెప్పిన పోటీ జరగాలంటే బంతి వింగర్ పరిగెత్తే సమయానికి సరిగ్గా దిగాలి. అయిదు మీటర్లు ఎక్కువైతే ఎదుటివాడికి తేలిక క్యాచ్, అయిదు మీటర్లు తక్కువైతే మన ఫార్వర్డ్‌ల తలమీదే పడుతుంది. తార్నాక మాస్టారు చెప్పిన పలుచని గాలి ఈ లెక్కను కూడా మార్చేస్తుంది.

న్యూజిలాండ్ స్క్రమ్ హాఫ్ క్యామ్ రోయిగార్డ్‌ది ఎడమకాలి తన్ను. కుడికాలికి అలవాటుపడి అడ్డుకోవడానికి వచ్చేవాళ్లకు అతని కోణం అంత తొందరగా అంతుపట్టదు. ఎవరు ఎంపికవుతారో ఇప్పుడే చెప్పలేం కాని, ఎంపికైతే మాత్రం మన అమ్మాయిలందరినీ అతని చేతినే చూడమంటాను. దక్షిణాఫ్రికా తరఫున గ్రాంట్ విలియమ్స్ వేరే రకం ఆటగాడు. అతని వేగానికి రక్ పక్కన రెండడుగుల సందు చాలు.

నల్లకుంట విద్యార్థి:

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. చివరిగా ఒక్క సందేహం. మొదటిసారి పూర్తిగా టెస్టు చూడబోతున్నవాణ్ని నేను. మొదటి పది నిమిషాల్లో బంతిని కాకుండా దేన్ని చూడాలి?

అల్వాల్ ఫుల్‌బ్యాక్:

బంతి పైకి లేవగానే కళ్లను దానితో పాటు పైకి తీసుకుపోకండి. కింద నలుగురిని చూడండి. అందుకోబోయేవాడు ముందుకు వస్తున్నాడా, వెనక్కి నడుస్తున్నాడా? అతని పక్కనున్నవాళ్లు దారి వదులుతున్నారా? వెంటపడేవాడు బంతిని చూస్తున్నాడా, మనిషిని చూస్తున్నాడా? న్యూజిలాండ్ ఆటగాడు విల్ జోర్డాన్ వెనక ఉంటే, క్యాచ్ పట్టాక మొదటి మూడడుగులు ఎటు వేస్తాడో చూడండి. 2023 ప్రపంచ కప్‌లో ఎనిమిది ట్రైలు చేసి, ఒకే ప్రపంచ కప్‌లో అత్యధిక ట్రైల రికార్డును సమం చేసినవాడు అతను. మొదటి పది నిమిషాల్లో న్యూజిలాండ్ మూడు ఎత్తు బంతుల్ని శుభ్రంగా పట్టిందంటే దక్షిణాఫ్రికా తన పథకాన్ని మార్చుకోక తప్పదు. రెండు జారవిడిచిందంటే ఎల్లిస్ పార్క్ హోరు ఎనభై నిమిషాలూ ఆగదు. నా అంచనా దక్షిణాఫ్రికా, ఏడు పాయింట్లలోపు తేడాతో.

తార్నాక పీఈటీ:

నా అంచనా న్యూజిలాండ్, మూడు పాయింట్ల తేడాతో. సవేయా ఆడితేనే.

కూకట్‌పల్లి కబడ్డీ:

సైనిక్‌పురి గారూ, మీకొక మనవి. మా కుర్రాళ్లలో మెడ, భుజాలు బలంగా ఉన్నవాళ్లు నలుగురున్నారు. స్క్రమ్ అంటే వాళ్లకు ఉత్సాహమే కాని, నేర్పడానికి నాకు ఆ విద్య తెలియదు. టెస్టు లోపు ఒక ఆదివారం మీరు వచ్చి చూపించగలరా?

సైనిక్‌పురి ప్రాప్:

తప్పకుండా వస్తాను మాస్టారూ. మొదటిరోజే ఎనిమిది మందితో స్క్రమ్ వేయించను. ఇద్దరికిద్దరు మోకాళ్లమీద కూర్చుని భుజానికి భుజం ఆనించడం, వీపు నిటారుగా పెట్టడం వరకే నేర్పుతాను. మెడ వ్యాయామాలు మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టించండి. నలుగురికీ మౌత్‌గార్డులు కొనిపించి ఉంచండి. అవి లేకుండా ఎవరినీ తల ఆనించనివ్వను.